మదనపల్లె ప్రాంతపు గుట్టల బల్లులు: జన్యు పరిశీలన, సంరక్షణ

వెంకటగిరికోట, పుంగనూరు, మదనపల్లె పరిసరాల్లో పొలం పక్కనే గ్రానైట్ గుట్ట, దాని చుట్టూ కంపచెట్లు, రాళ్ల సందుల్లో బల్లులు కనిపించడం సాధారణం. పంచాంగంలో బల్లిపాటు ఫలితాలు వెదికే మనం ఆ బల్లి ఏ జాతిదని అడిగిన సందర్భాలు తక్కువ.

వీటిలో నేలబల్లి ఒకటి. గోడబల్లికి వేళ్ల అడుగున ఉండే వెడల్పాటి పొరలు దీనికి లేవు. రాత్రివేళ ఎండుటాకుల్లో, రాళ్ల మధ్య పురుగులను వేటాడుతుంది. 1870లో బెడ్డోమ్ కొల్లేగాల్ పేరిట ఒక నేలబల్లి జాతిని వర్ణించాడు. దానిని పోలిన బల్లులను చాలాకాలం ఆ పేరుతోనే గుర్తించారు. భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఇషాన్ అగర్వాల్, ప్రవీణ్ కారంత్ 2015లో డీఎన్‌ఏ ఆధారంగా ఈ వర్గపు వంశవృక్షాన్ని ప్రచురించారు. మరుసటి ఏడాది అగర్వాల్ మైసూరు పీఠభూమి నుండి రెండు కొత్త జాతులను వర్ణించారు. వాటిలో మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీకి చెందినది సిర్టోడాక్టైలస్ రిషివ్యాలియెన్సిస్. 2020లో ఆ పరిసరాల రాతి ప్రాంతాల నుండి, గుండ్రని కంటిపాప గల నెమాస్పిస్ ప్రజాతికి చెందిన కొత్త జాతులు కూడా వెలుగులోకి వచ్చాయి.

ఇటువంటి అధ్యయనాల్లో తరచుగా వాడేది మైటోకాండ్రియాలోని ఎన్‌డీ2 జన్యువు. ఇది తల్లి నుండే సంక్రమిస్తుంది, మార్పులు త్వరగా పోగవుతాయి. అయితే ఒక్క జన్యువునే నమ్మి జాతిని విడదీయడం తొందరపాటు. ఆడబల్లులు పుట్టినచోటే ఉండిపోతే, మగవాటి ద్వారా సంకరం జరుగుతున్నా ఈ జన్యువులో దూరం ఎక్కువగానే కనిపిస్తుంది. అందువల్ల కేంద్రక జన్యువులను, పొలుసుల సంఖ్యను, తొడ రంధ్రాలను కలిపి చూడాలి. విద్యార్థులు ఇక్కడే ఎక్కువగా పొరబడతారు.

సంరక్షణకు దీని అర్థం తీవ్రమైనది. విస్తారంగా ఉన్నదనుకున్న ఒకే జాతి నిజానికి కొద్ది గుట్టలకే పరిమితమైన అనేక జాతులైతే, ఒక క్వారీ ఒక జాతి ఆవాసంలో పెద్దభాగాన్నే తినేయగలదు. రాళ్లనే ఆశ్రయించిన బల్లి దున్నిన చేను దాటి మరో గుట్ట చేరడం కష్టం. కౌండిన్య అభయారణ్యం ఏనుగులకు రక్షణ ఇస్తున్నది. దాని హద్దుల బయటి గుట్టలకు ఆ రక్షణ లేదు. బీడు అన్న పేరుతో రాతినేలను జేసీబీతో చదును చేసి మొక్కలు నాటడం కూడా, సదుద్దేశమే అయినా, ఇదే నష్టం చేస్తుంది.

తోట అంచున ఉన్న రాళ్లకుప్పను కదపవద్దని, గట్టు మీది ఎండుటాకులను కాల్చవద్దని విస్తరణ శాస్త్రవేత్తలు రైతులకు చెప్పవచ్చు. బల్లిని పట్టకుండా ఫొటో తీసి, స్థలం, తేదీ నమోదు చేయాలి. నమూనా అవసరమైతే అటవీ శాఖ అనుమతితో తోక చివర ముక్క తీసి ఇథనాల్‌లో భద్రపరచితే డీఎన్‌ఏకు చాలు.