చుక్కల లెక్క, గీతల ఎంపిక

బిలాస్‌పూర్‌లో రైల్వే ప్రాంతాన్ని ఆనుకొని ఉన్న తార్‌బహార్ పేరును విడదీస్తే హిందీలో ‘తీగకు వెలుపల’ అనే అర్థం వస్తుంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఈ పట్టణాన్ని పెంచింది. 1931లో రాయపూర్ - విజయనగరం మార్గం పూర్తి కావడంతో ఛత్తీస్‌గఢ్ మైదానానికీ తెలుగు కోస్తాకూ నేరుగా రాకపోకలు ఏర్పడినవి. 2003 నుండి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర స్థానం. రైలు పనికై వచ్చిన తెలుగు కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా నివసిస్తున్నవి. వాటితో పాటు ముగ్గు కూడా వచ్చింది. తెల్లవారి వాకిట వెలసిన ముగ్గు పొద్దెక్కేసరికి అడుగుల కింద, సైకిలు చక్రాల కింద చెరిగిపోతుంది. మిగిలేది ఇంటిలోని ముగ్గుల పుస్తకం మాత్రమే. అదీ ఒక తరం గడిస్తే పాత కాగితాల వానికి చేరుతుంది.

ఆ పుస్తకంలో ఉండేది బొమ్మ ఒక్కటే కాదు. బొమ్మ పక్కన ‘15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు’ అని ఒక చిన్న వాక్యం ఉంటుంది. నడుమ వరుసలో 15 చుక్కలు పెట్టి, పైనా కిందా రెండేసి చుక్కల సందున ఒక్కొక్క చుక్క చొప్పున 14, 13, 12 అని తగ్గిస్తూ 8 వద్ద ఆపవలెనని దాని భావం. లెక్కించి చూచినచో మొత్తం 169 చుక్కలు, ఆకారం షట్కోణం. ‘15 చుక్కలు, సరి చుక్క, 1 వరకు’ అన్నచో వరుసకు రెండు చొప్పున తగ్గి 113 చుక్కల పలక ఏర్పడుతుంది. ఇంత చెప్పినా ముగ్గు ఇంకా పుట్టలేదు. అవే 169 చుక్కలను ఒకరు నక్షత్రంగా కలుపుతారు, మరొకరు తామరగా కలుపుతారు. తిప్పుడు ముగ్గులోనైతే గీత చుక్కను తాకదు. చుక్కలను చుట్టి చుట్టి, తన్ను తానే దాటుకొంటూ, బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది. ఒక్క మలుపు తప్పినా గీత మూతపడదు. నియమం కొంతవరకే తీసికొనిపోతుంది; ఆ పైది చేతి నిర్ణయం.

ఈ సంగతి గణిత శాస్త్రజ్ఞుల దృష్టికి రాకపోలేదు. మద్రాసు క్రైస్తవ కళాశాలకు చెందిన గిఫ్ట్ సిరోమణి, రాణీ సిరోమణి దంపతులు కమలా కృత్తివాసన్‌తో కలిసి 1974లో ఒక పరిశోధన వ్యాసాన్ని ప్రకటించారు. తమిళుల కోలాలను, భాషకు వ్యాకరణం వలె, కొద్దిపాటి సూత్రాల నుండి పుట్టించవచ్చునని అందులో చూపారు. వాకిలి ఊడ్చి కూర్చున్న గృహిణి చేసే పని కంప్యూటరు శాస్త్రంలో అధ్యయన వస్తువైనది.

పశ్చిమ దేశాలలో ఇదే ఆలోచన మరొక దారిన సాగింది. సూత్రం రాసి ఇచ్చి, బొమ్మను యంత్రం చేత గీయించే కళకు జనరేటివ్ ఆర్ట్ అని పేరు. 1965లో స్టుట్‌గార్ట్‌లో గేయోర్గ్ నేస్, న్యూయార్క్‌లో మైకేల్ నోల్, బేలా యూలెష్ అట్టి చిత్రాలను ప్రదర్శించారు. బుడాపెస్టులో పుట్టి పారిస్‌లో స్థిరపడిన వెరా మోల్నార్ 1968లో కంప్యూటరును చేపట్టింది. అంతకు పూర్వమే, 1959 ప్రాంతం నుండి, ఆమె తనకు తానే నియమాలు విధించుకొని చేతితో గీసేది; ఆ పద్ధతిని ‘ఊహా యంత్రం’ అని పిలిచింది. ఆ మాట మన ముగ్గుకు ఎంత చక్కగా అతుకుతుందో చెప్పనక్కరలేదు.

నేడు ఇట్టి చిత్రాలు ఇంటర్నెట్ వేదికలపై కుప్పలుగా చేరుతున్నవి. 2021 మార్చిలో బ్రెజిల్ దేశస్థుడు రఫాయెల్ లీమా ప్రారంభించిన ‘హిక్ ఎట్ నుంక్’ అట్టి వాటిలో ఒకటి. లాటిన్‌లో ఆ పేరుకు ‘ఇక్కడ, ఇప్పుడు’ అని అర్థం. స్వల్ప ధరకు ఎవరైనా తమ చిత్రాన్ని అక్కడ ఉంచగలిగేవారు. అదే ఏడు నవంబరులో ఆ వేదిక హఠాత్తుగా మూతపడింది. అయితే వాడుకరులే దానికి ప్రతిరూపాలు నిలబెట్టి చిత్రాలను కాపాడుకొన్నారు. నిలిచిన వాటిలోనూ ఎన్నో ఎవరి కంటా పడనివే. నిన్న ఎక్కువమంది చూచిన దానినే వేదిక నేడు ముందుకు తెస్తుంది. చూడనిది మరింత అడుగుకు పోతుంది. కావున వెతికి, పోల్చి, ఎన్నుకొనే మనిషి అవసరమవుతాడు.

ముగ్గుకూ ఇదే గతి. సంక్రాంతి పోటీలలో రంగులు నింపిన నెమలికి, రథానికి బహుమతి దొరుకుతుంది. వట్టి పిండి గీతతో, ఏ వస్తువునూ పోలని తిప్పుడు ముగ్గు వెనుకబడుతుంది. ఫోనులలో ఫొటోలు పంచుకొనే అలవాటు ఈ మొగ్గును ఇంకా పెంచింది. నెమలిపై ఎవరికీ పగ లేదు. కాని నెమలిని చూచి ఎవరైనా తిరిగి గీయగలరు. నూరు మెలికల తిప్పుడు ముగ్గును ఫొటో చూచి గీయడం కష్టం, గీత ఎక్కడ మొదలై ఎటు తిరిగిందో ఫొటో చెప్పదు.

తార్‌బహార్ వంటి చోట ఒక పాఠశాల గ్రంథాలయం ముగ్గుల సేకరణకు పూనుకొన్నదనుకొందాం. అందమైన వాటిని ఏరి అంటించినంత మాత్రాన అది సేకరణ కాదు. ఒకే గృహిణి ఒకే చుక్కల లెక్కపై గీసిన ఐదారు ముగ్గులను పక్కపక్కన ఉంచినప్పుడే ఆమె చేతి తీరు బయటపడుతుంది. గీత కలియక విడిచిపెట్టిన ప్రయత్నాన్ని కూడా దాచవలె. నియమం ఎక్కడ కఠినమో చెప్పేది అదే. ఆమె సమ్మతితో పేరు రాయవలె. వేలాది ముగ్గులు చలామణిలో ఉన్నవి, గీసినవారి పేర్లు మాత్రం లేవు.

పొరుగిళ్ళను విడువరాదు. ఛత్తీస్‌గఢీ స్త్రీలు పండుగలకు పిండితో చౌక్ పూరుస్తారు. ఒడియా ఇండ్లలో మార్గశిర గురువారాలలో బియ్యపు పిండి నీళ్ళతో ఝోటి వేసి లక్ష్మీ పాదాలు దిద్దుతారు. వంగ స్త్రీలది ఆల్పన. ఝోటికీ ఆల్పనకూ చుక్కల లెక్క ఆధారం కాదు, వేళ్ళ నడకే ఆధారం. రైలు పట్టణంలో పుట్టి పెరిగిన తెలుగు ఆడపడుచు ముగ్గులో ఈ పొరుగు చేతులు ఏమైనా కలిసినవా అన్నది అక్కడి విద్యార్థులే ఇల్లిల్లు తిరిగి అడిగి తెలిసికొనదగిన ప్రశ్న. అడిగినప్పుడు నోటు పుస్తకంలో మొదట రాసికొనవలసినవి మూడు: నడుమ ఎన్ని చుక్కలు, సందు చుక్కా సరి చుక్కా, గీతను ఏ చుక్క పక్కనుండి ఎత్తుకొన్నారు.