మళ్లీ వేడెక్కేలోపు



అమ్మాయీ, నాంపల్లి నుమాయిష్‌లో కొన్న ఓటీజీ ఓవెన్ లోపల అప్పుడే నల్లటి మరకలు పట్టాయనీ, ఒక్కసారి కొడితే వదిలిపోయే స్ప్రే ఏదైనా అబిడ్స్ దుకాణాల్లో దొరుకుతుందా అనీ అడిగావు. దొరుకుతుంది గానీ, కొనవద్దనే చెబుతాను. ఎందుకంటే ఆ మరకను మొండిగా మార్చేది ఓవెన్ వేడే. ఒలికినదాన్ని మళ్లీ వేడెక్కేలోపు తుడిచేస్తే ఆ మందుతో నీకు పని పడదు.

నెయ్యి, నూనె ఒలికిన రోజున మామూలు గుడ్డకే వచ్చేస్తాయి. అదే చుక్క రెండు మూడు సార్లు కాగిందంటే, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి దాని అణువులు ఒకదానికొకటి పెనవేసుకుని, నీళ్లకూ సబ్బుకూ లొంగని గట్టి పొరగా మారతాయి. కొత్త ఇనుప పెనానికి నూనె రాసి కాల్చి పదును చేస్తామే, అక్కడ జరిగేదీ ఇదే. పెనం మీద మనం కోరి తెచ్చుకునే పొర, ఓవెన్ గోడ మీద అక్కర్లేకుండా పేరుకుంటుంది. అందుకే ఓవెన్ మురికిని రోజుల్లో లెక్కపెట్టకు. ఒలికాక ఎన్నిసార్లు వేడి చేశావో చూసుకో. నెల కిందట పడి మళ్లీ కాగని చుక్క కన్నా, నిన్న పడి ఇవాళ రెండుసార్లు కాగినదే మొండిది.

‘అంత వేడిలో మురికి దానంతటదే కాలిపోదా, ఇరానీ బేకరీల భట్టీలను ఎవరు కడుగుతున్నారు?’ అని నువ్వు అడగవచ్చు. మంచి ప్రశ్నే. పాతకాలపు ఇటుక భట్టీలో కట్టెల మంట లోపలే మండుతుంది. మంట బాగా అందుకున్నప్పుడు ఇటుకల వేడి నాలుగు వందల డిగ్రీలు దాటుతుంది. అప్పుడు మసి సైతం కాలిపోయి ఇటుక తెల్లబడుతుంది, బూడిద ఊడ్చేస్తే సరిపోతుంది. విదేశాల్లో మనవాళ్ల ఇళ్లలో తమను తాము శుభ్రం చేసుకునే ఓవెన్లు ఉంటాయి. వాటి కిటుకూ ఇంతే: తలుపు బిగించుకుని సుమారు 500 డిగ్రీల దాకా వెళ్లి జిడ్డును బూడిద చేస్తాయి. మన ఓటీజీ మహా అయితే 250 డిగ్రీల దగ్గర ఆగుతుంది. జిడ్డు గట్టిపడటానికి ఆ వేడి చాలు, బూడిద కావడానికి చాలదు. ఇంట్లో కష్టమంతా ఈ మధ్య మెట్టు మీద ఇరుక్కోవడం వల్లే. ఇక మాడుతున్న నూనె పొగలో అక్రోలిన్ అనే ఘాటు పదార్థం ఉంటుంది. కళ్లు మండేది దానివల్లే. చిన్న వంటింట్లో పిల్లల పక్కన ఆ పొగ మంచిది కాదు.

నువ్వు చేయాలనుకుంటున్న వంటలను బట్టి కూడా ఆలోచించు. ఉస్మానియా బిస్కెట్లకు పొడి రాలుతుంది. అడుగు ట్రే లాగి దులిపితే చాలు. నాంపల్లి సుభాన్ బేకరీకి పేరు తెచ్చిన దమ్ కే రోట్ లాంటిది చేస్తే, రవ్వ పీల్చుకోగా మిగిలిన నెయ్యి అంచుల నుంచి కారుతుంది. పెరుగు పట్టించిన కోడి ముక్కలు జాలీ మీద పెట్టిన రోజున గోడల నిండా జిడ్డు చిందుతుంది, ఆ రోజు మాత్రం బద్ధకించకు. ప్లగ్గు పీకి, లోపల గోరువెచ్చగా ఉండగానే, గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేసి పిండిన గుడ్డతో తుడువు. తర్వాత ఉత్త తడిగుడ్డ, చివర పొడిగుడ్డ. బోరు నీళ్లయితే పొడిగుడ్డ మానవద్దు, ఉప్పు చారలు మిగులుతాయి. కాలుతున్న అద్దం మీద చన్నీళ్లు పడితే పగలవచ్చు, అందుకే గోరువెచ్చబడేదాకా ఆగమంటున్నాను.

‘ఆఫీసు నుంచి వచ్చి వండి, ఇదంతా ఎప్పుడు చేయను?’ అంటావు. న్యాయమైన మాటే. కానీ తిన్న కంచాలు తీసేలోపు అయిపోయే పని ఇది; వదిలేస్తే ఆదివారం పూటంతా తోముడికే పోతుంది. స్ప్రే ఆ పూటను మిగులుస్తుందన్నది నిజమే. కానీ ఘాటైన స్ప్రేలలో ఉండేది కాస్టిక్ సోడా, అది జిడ్డును సబ్బుగా మార్చేస్తుంది. పింగాణీ పూత ఉన్న పెద్ద ఓవెన్లకు అది పనికొస్తుంది. మన ఓటీజీల లోపల చాలావరకు అల్యూమినియం లేదా జింకు పూత వేసిన రేకు ఉంటుంది. కాస్టిక్ ఆ రెండింటినీ తినేస్తుంది. పూత పోయిన రేకుకు తుప్పు పడుతుంది. పైగా మెరిసే గోడ వేడిని తిప్పి కొట్టి వంటను సమంగా కాలుస్తుంది, ఆ మెరుపూ పోతుంది. స్టీలు పీచు కూడా వద్దు. దాని ముక్కలు వేడెక్కే రాడ్ల చివర చిక్కుకుంటే షార్ట్ కావచ్చు.

ఇప్పటికే పట్టిన మరకలకు వంటసోడాలో కొంచెం నీళ్లు కలిపి ముద్ద చేసి, రాడ్లకు తగలకుండా రాసి, రాత్రంతా ఉంచి తుడువు. ఒక్కసారికే పోవు, రెండు మూడు రాత్రులు ఓపిక పట్టు. సోడాలో వెనిగర్ పోయమని చాలామంది చెబుతారు. ఆ నురగ చూడ్డానికి బాగుంటుంది గానీ ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి చంపుకుని, మిగిలేది దాదాపు ఉప్పునీళ్లే. అడుగున అల్యూమినియం ఫాయిల్ పరవమనే సలహా మరీ ప్రమాదం. అది వేడిని కదలనివ్వక కింది రాడ్లను ఉడికిస్తుంది.

లోపల ఎంత తుడిచినా ప్లగ్గును చూడకపోతే లాభం లేదు. 1500 వాట్ల ఓవెన్ 230 వోల్టుల మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. అబిడ్స్ పాత భవనాల వంటిళ్లలో మిక్సీ కోసం పెట్టిన 6 ఆంపియర్ల సాకెట్లు దానికి చాలవు. మీ ఇంటి సాకెట్ నల్లబడినా, ప్లగ్గు చేతికి వేడిగా తగిలినా వాడకం ఆపేసి, ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్ పెట్టించు. ఈ వారంలోనే పెట్టించు తల్లీ, మరకల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇట్లు,
నీ మేనమామ