అన్నమా? అంతరిక్షమా?

పాఠ్యభాగ ఉద్దేశం

వైజ్ఞానిక పరిశోధనకు ప్రభుత్వం చేసే వ్యయం సమంజసమా, కాదా అనే చర్చ మన దేశంలో ఆరు దశాబ్దాలుగా సాగుతున్నది. భారత అంతరిక్ష కార్యక్రమాన్ని ఆధారంగా చేసుకొని ఆ చర్చలోని ఉభయపక్షాల వాదాలను పరిచయం చేయడం, ప్రజాధన వినియోగాన్ని గురించి విద్యార్థులు స్వయంగా ఆలోచించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

సంపాదన పరిమితంగా ఉన్న ఇంట్లో ఏ ఖర్చు ముందు, ఏ ఖర్చు వెనుక అనే తర్జనభర్జన తప్పదు. బియ్యం, మందులు, పిల్లల చదువు, ఇంటి మరమ్మతు అన్నీ అవసరాలే. వాటిలో కొన్ని నేటి అవసరాలు, కొన్ని రేపటి అవసరాలు. ప్రభుత్వానికీ ఈ చిక్కు ఉన్నది. ఖజానాలోని ధనం ప్రజలు పన్నుల రూపంలో చెల్లించినదే. అంగడిలో సబ్బుబిళ్ళ కొన్న నిరుపేద కూడా ఆ ఖజానాకు తన వంతు చెల్లిస్తున్నాడు. కనుక పరిశోధనశాలలకు, ఉపగ్రహాలకు కేటాయించే సొమ్మును గురించి ప్రశ్నించే హక్కు ప్రతి పౌరునికీ ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం మన దేశంలో ఈ ప్రశ్న అంతరిక్ష పరిశోధన విషయంలో బలంగా వినవచ్చింది. 1962లో ఏర్పడిన భారత జాతీయ అంతరిక్ష పరిశోధన సంఘానికి విక్రమ్ సారాభాయి అధ్యక్షత వహించారు. 1963 నవంబరు 21న కేరళ తీరంలోని తుంబా అనే జాలరిపల్లె నుంచి, అమెరికాలో తయారైన ఒక చిన్న రాకెట్టును ప్రయోగించారు. అక్కడి చర్చి భవనమే శాస్త్రజ్ఞులకు కార్యాలయం. రాకెట్టు భాగాలను సైకిలు మీద తీసుకొనిపోయేవారు. ఆనాడు దేశం తిండిగింజల కొరతతో బాధపడుతున్నది. 1965, 1966 సంవత్సరాలలో వర్షాలు లేక పంటలు దెబ్బతిన్నాయి. అమెరికా నుంచి ఓడలలో గోధుమలు వస్తేగాని ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలగని స్థితి. అటువంటి వేళ తిండికి లేని దేశానికి రాకెట్లెందుకని అడిగినవారు విజ్ఞానానికి శత్రువులు కారు. వారు అడిగినది న్యాయమైన ప్రశ్న.

సారాభాయి ఆ ప్రశ్నను తోసిపుచ్చలేదు. చంద్రునిపైకో, ఇతర గ్రహాలపైకో పోవడంలో సంపన్న దేశాలతో పోటీపడాలనే భ్రమ తమకు లేదని ఆయన స్పష్టం చేశారు. మనిషి నిత్యజీవిత సమస్యల పరిష్కారానికి ఆధునిక సాంకేతిక విజ్ఞానాన్ని వినియోగించడంలో మాత్రం మన దేశం ఎవరికీ తీసిపోరాదని వాదించారు. పల్లెలకు సమాచారం చేరవేయడం, వాతావరణాన్ని ముందుగా తెలుసుకొనడం, భూమి, నీరు, అడవి వంటి సంపదలను లెక్కించడం అందులో ముఖ్యమైనవి. అంటే పరిశోధన ఫలితాన్ని కొలవడానికి ఒక కొలబద్దను ఆయనే ప్రజల చేతికి ఇచ్చారు.

ఆ కొలబద్దతో కొలవడానికి మొదటి అవకాశం 1975లో వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు అమెరికా ఉపగ్రహం ఒకదాని సహాయంతో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. పల్లెవాసులు సాయంకాలం ఒకచోట గుమిగూడి వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ సంక్షేమం గురించిన విషయాలను చూశారు.

పరిశోధనలో అపజయం కూడా ఒక భాగమే. 1979 ఆగస్టు 10న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన ఎస్.ఎల్.వి.-3 వాహకనౌక బంగాళాఖాతంలో కూలిపోయింది. ప్రజాధనం సముద్రం పాలయిందనే విమర్శలు వచ్చాయి. ఆనాటి ఇస్రో అధ్యక్షుడు సతీష్ ధావన్ పత్రికలవారి ఎదుట ఆ వైఫల్యానికి బాధ్యత తానే వహించారు. 1980 జూలై 18న అదే వాహకనౌక రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో ప్రవేశపెట్టినప్పుడు విలేకరులతో మాట్లాడే గౌరవాన్ని ప్రాజెక్టు సారథి అబ్దుల్ కలాంకు అప్పగించారు. ఈ సంగతిని కలాం అనేక సభలలో గుర్తుచేసుకొన్నారు. ప్రజల సొమ్ముతో పనిచేసేవారు ఓటమి వేళ ప్రజలకు ముఖం చాటుచేయరాదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

ఆ రోజుల్లోనే ఉపగ్రహాల అవసరాన్ని తెలుగునేల మీద ఒక మహావిపత్తు చాటిచెప్పింది. 1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివిసీమపై ఉప్పెన విరుచుకుపడింది. తాటిచెట్ల ఎత్తు అలలు వచ్చాయని బ్రతికి బయటపడినవారు చెప్పుకొన్నారు. సుమారు పదివేల మంది మరణించారని అంచనా. సముద్రం మీద ఏమి జరుగుతున్నదో నిరంతరం కనిపెట్టి చూసే భారతీయ ఉపగ్రహం అప్పటికి లేదు. 1983లో ఇన్సాట్-1బి కక్ష్యను చేరిన తరువాత తుపాను మేఘాల కదలికను ఆకాశం నుంచి ఎప్పటికప్పుడు గమనించడం సాధ్యమైంది. 1990 మే నెలలో దాదాపు అంతటి తీవ్రత గల తుపాను మళ్ళీ కోస్తా ఆంధ్రను తాకింది. ఈసారి హెచ్చరిక ముందే అందింది. లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. అయినా వెయ్యిమంది వరకు చనిపోయారు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని హుద్‌హుద్ తుపాను అతలాకుతలం చేసినప్పుడు రాష్ట్రంలో మృతుల సంఖ్య వందకు మించలేదు.

అయితే ఈ ఘనత అంతా ఉపగ్రహానిదే అనడం సరికాదు. హెచ్చరికను పల్లెకు చేర్చిన సిబ్బంది, జనాన్ని తరలించిన బస్సులు, బస్సులు పోగల రోడ్లు, తలదాచుకొనడానికి తుపాను భవనాలు లేకపోతే ఆకాశంలోని కన్ను చూసినదంతా వృథా అయ్యేది. ఉపగ్రహం లేకపోతే ఆ బస్సులు ఎప్పుడు, ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు. విజ్ఞానవ్యయం, సంక్షేమవ్యయం ఒకదానికొకటి అక్కరకు వచ్చే తీరు ఇది.

తరువాతి కాలంలో మన దేశం చంద్రుని వైపు, అంగారకుని వైపు కూడా దృష్టి సారించింది. 2008లో సుమారు 386 కోట్ల రూపాయలతో చంద్రయాన్-1ను, 2013లో సుమారు 450 కోట్లతో మంగళయాన్‌ను ప్రయోగించారు. 2019లో చంద్రయాన్-2 ల్యాండరు కూలిపోయినా, 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 చంద్రుని దక్షిణ ధ్రువ ప్రాంతానికి చేరువలో దిగింది. పాత ప్రశ్న మళ్ళీ తలెత్తింది. పోషకాహారం లేని పిల్లలు, వైద్యులు లేని ఆరోగ్య కేంద్రాలు ఉండగా ఈ యాత్రలెందుకని కొందరు అడిగారు. ఆ ధనం ఆకాశంలోకి పోదని, ఇక్కడి కర్మాగారాలకు, ఇంజనీర్లకు, కార్మికులకే చేరుతుందని, బడ్జెట్టులో దాని వంతు స్వల్పమని మరికొందరు బదులిచ్చారు. ఇవి నిజాలే. కాని వంతు చిన్నదైనంత మాత్రాన లెక్క చెప్పనక్కరలేదని కాదు.

దేశమంతటా అన్ని రంగాలలోని పరిశోధనకు అయ్యే వ్యయాన్ని చూస్తే చర్చకు మరొక ముఖం కనిపిస్తుంది. ఈ వ్యయాన్ని స్థూల దేశీయోత్పత్తిలో రెండు శాతానికి పెంచాలని 2003 నాటి విజ్ఞాన విధానం ఆశించింది. 2020–21లో అది 0.64 శాతం మాత్రమే. దక్షిణ కొరియా నాలుగు శాతానికి పైగా వెచ్చిస్తున్నది. 2017 ఆగస్టు 9న అనేక నగరాలలో శాస్త్రజ్ఞులు, విద్యార్థులు వీధులలోకి వచ్చి ఈ కేటాయింపును పెంచాలని కోరారు.

మౌలిక పరిశోధన సంగతి మరింత క్లిష్టం. దాని ప్రయోజనాన్ని ముందుగా చూపడం కష్టం. 1831లో మైకేల్ ఫారడే అయస్కాంతంతో తీగచుట్టలో విద్యుత్తు పుట్టించినప్పుడు, ఆ సూత్రంతోనే ఊరూరా దీపాలు వెలుగుతాయని ఎవరూ లెక్క కట్టలేదు.

ఎంత కరువు వచ్చినా రైతు విత్తనపు వడ్లను వండుకొనడు. అవి పోతే మరుసటి ఏడు పొలం బీడే. అయితే ఇంట్లో పసివాడు ఆకలితో ఏడుస్తున్నప్పుడు గాదెలో ఎన్ని గింజలు దాచినదీ, ఎందుకు దాచినదీ ఇంటిల్లిపాదికీ చెప్పవలసిన బాధ్యత ఆ రైతుపై ఉన్నది. ప్రజాస్వామ్యంలో పరిశోధనకు వెచ్చించే ధనమూ అటువంటిదే. దానిని అడిగే పౌరుడు, ఓపికగా వివరించే శాస్త్రజ్ఞుడు ఇద్దరూ దేశానికి కావలసినవారే.

కఠిన పదాలు – అర్థాలు

సమంజసం = తగినది
తర్జనభర్జన = వాదోపవాదం
కొలబద్ద = కొలిచే సాధనం, ప్రమాణం
ఉప్పెన = సముద్రం పొంగి నేలపైకి రావడం
ఉదంతం = జరిగిన సంగతి
మౌలిక పరిశోధన = ప్రకృతి నియమాలను తెలుసుకొనడానికి చేసే పరిశోధన

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధానం రాయండి.
1. పరిశోధనా వ్యయంపై ఉభయపక్షాల వాదాలను వివరించి, మీ అభిప్రాయాన్ని తెలపండి.

II. సంగ్రహ సమాధానాలు రాయండి.
1. 1977, 1990 తుపానులను పోల్చి చూపండి.
2. సతీష్ ధావన్ ఉదంతం ఏమి తెలుపుతున్నది?

III. సందర్భసహిత వ్యాఖ్య రాయండి.
1. "ఎంత కరువు వచ్చినా రైతు విత్తనపు వడ్లను వండుకొనడు."

IV. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. తుంబా ఏ రాష్ట్రంలో ఉన్నది?
2. 2003 నాటి విజ్ఞాన విధానం ఆశించిన వ్యయం ఎంత శాతం?