జలాశయ జీర్ణోద్ధారణము



కుమారుడు, కావ్యము, నిధి, దేవాలయము, తటాకము, వనము, అగ్రహారము అను ఏడింటిని మన పెద్దలు సప్తసంతానములన్నారు. మనుజుడు గతించిన పిదప అతని పేరు నిలుపునవి ఇవి. ఈ వరుసలో చెరువును, వనమును దేవాలయము సరసననే కూర్చుట గమనింపదగినది.

తటాకనిర్మాణము పుణ్యకార్యమే కాదు, శాస్త్రము కూడ. కడప జిల్లా పోరుమామిళ్లలో శాలివాహన శకము 1291, అనగా క్రీ.శ. 1369 నాటి సంస్కృత శాసనమొకటి కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువును వర్ణించుచు, అది తటాకమునకు పండ్రెండు అంగములను, ఆరు దోషములను చెప్పుచున్నది. నీరు అధికమై, నిలుచు నేల స్వల్పమగుట ఆ దోషములలో నొకటి.

ఈ దోషమును కొల్లేటికి మనమే కల్పించితిమి. కృష్ణా గోదావరీ డెల్టాల నడుమనున్న ఆ సరస్సులో బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు కలియును. మిగులు నీరు ఉప్పుటేటి గుండ సముద్రమును చేరును. వరదకాలమున సరస్సు విప్పారి, నీటిని తనలో నిలుపుకొని మెల్లగా విడుచును. చేపల చెరువుల గట్లు అడ్డమైనచో విప్పారుటకు చోటుండదు. నీరు ఊళ్ల మీదికి, పొలముల మీదికి మరలును. కొల్లేరు 1999లో అభయారణ్యమైనది; 2002లో రామ్‌సర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలగా గుర్తింపు పొందినది. 2006లో ప్రభుత్వము గట్లను పెద్దయెత్తున తొలగించినది. పిదప మరల కొన్ని లేచినవి. చేపలను నమ్ముకొన్న కుటుంబములకు వేరొక బ్రతుకుదారి చూపనిదే ఈ ఉద్ధరణము స్థిరపడదని నా అభిప్రాయము.

చిత్తడినేల వలన రెండవ ఫలము కూడ కలదు. కిక్కిస, తుంగ, తామర మొదలగునవి గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి పెరుగును. అవి చచ్చి నీటి అడుగున బురదలో చేరినపుడు, అచట ప్రాణవాయువు కొరవడుటచే మెల్లగా మాత్రమే క్రుళ్లును. అందువలన వానిలోని కర్బనము చిరకాలము నేలలో దాగియుండును. నేలను ఎండగట్టినచో అది మరల గాలిలో కలిసి, భూతాపమును పెంచును. కనుక చిత్తడినేల నీటికే గాక కర్బనమునకు కూడ నిధి.

ఇక నా తప్పొకటి చెప్పుకొనవలెను. నలుబదియేండ్ల క్రిందట, మా ఊరి కుంటను పూడ్చి కల్యాణమండపము కట్టదలచిన దాతలు నన్ను ముహూర్తమడిగిరి. తిథివారనక్షత్రములు చూచితిని, నీటిదారి ఎటని చూడనైతిని. మండపము చక్కగనే లేచినది. అది మొదలు పెద్దవాన కురిసినపుడెల్ల పల్లపువీధి ఇండ్లలోనికి నీరు చొచ్చుచున్నది. ఒక ఏట ఆ వీధి ముసలమ్మ తడిసిన బియ్యమును మండపము అరుగు మీదనే ఆరబోసికొనుట చూచితిని. ఆమె నన్నేమియు అనలేదు. పంచాంగమున దోషము లేదు, దోషము నాది.

క్రొత్త ఆలయము కట్టుటకంటె జీర్ణాలయోద్ధరణము అధికఫలప్రదమని పెద్దలు చెప్పుదురు. చెరువునకును ఇదే న్యాయము. దాతలారా! మీ ఊరిలో దేనికైన పునాది తీయుటకు ముందు, వాననీరు ఎటు నుండి వచ్చి ఎటు పోవునో పెద్దలనడిగి తెలిసికొనుడు. పూడిన కోనేటికి నీరు తెచ్చు కాలువను బాగుచేయించుడు. చెరువు ఎగువన చెట్లు నాటించుడు. శిలాఫలకముపై మీ పేరు లేకున్నను, పల్లపువీధి వారు వానరాత్రి నిశ్చింతగా నిద్రించుటయే దాని ఫలము.

స్వస్తి.