నవ్వుముఖము

ధ్యానభాగములు: యోబు 29:21-25, 30:1, సంఖ్యాకాండము 6:22-27

నవ్వు నాలుగు విధాల చేటని మన పెద్దలు చెప్పుదురు. వేళగాని వేళ నవ్విన నవ్వు ఒకటి రెండు కుటుంబములను విడదీసిన సంగతి మన గ్రామములలో ఎరుగనివారు లేరు. అయినను దేవుడే మానవుని ముఖమునకు నవ్వును అనుగ్రహించెను. పుట్టిన సుమారు ఆరు, ఎనిమిది వారములకు పసిబిడ్డ తల్లిని చూచి నవ్వును. పుట్టుగ్రుడ్డియైన బిడ్డ కూడ, ఎవరి నవ్వును చూడకయే, తల్లి స్వరము విని నవ్వును. కాబట్టి ఇది ఒకరిని చూచి ఒకరము నేర్చుకొన్న విద్య కాదు. సృష్టికర్త మనలో ఉంచిన వరము. ఆ వరమును మనమెట్లు వాడుచున్నామో ఈ నెల ధ్యానింతము.

1. రెండు నవ్వులు

యోబు కష్టకాలమందు తన పూర్వపు దినములను జ్ఞాపకము చేసికొనుచున్నాడు. అప్పుడతడు పట్టణపు గవినియొద్ద పెద్దగా కూర్చుండెడివాడు. ధైర్యము చెడి తనయొద్దకు వచ్చినవారిని చూచి చిరునవ్వు నవ్వితినని చెప్పుచున్నాడు (29:24). ఆ వెంటనే, తరువాతి అధ్యాయపు మొదటి వచనములో, తనకంటె చిన్నవారు తన మీద నవ్వుచున్నారని దుఃఖించుచున్నాడు. హెబ్రీ భాషలో ఈ రెండు చోట్లను ఉన్న క్రియ ఒక్కటే. దానితో చేరిన చిన్న మాట మాత్రమే వేరు. మొదటిది వారి వైపు నవ్వుట. రెండవది అతని మీద నవ్వుట. పెదవులు అవే, పండ్లు అవే. అయితే ఒక నవ్వు పడినవానిని లేవనెత్తును, ఒక నవ్వు పడినవానిని త్రొక్కును.

పంట పోయి అప్పులపాలైన రైతు, పరీక్ష తప్పిన పిల్లవాడు, బిడ్డలు లేరని మాటలు పడుచున్న సహోదరి, త్రాగుడు మాని మొదటిసారి ఆరాధనకు వచ్చి వెనుక చాప చివర కూర్చున్నవాడు, వీరందరును గుడిలో అడుగు పెట్టగానే మొదట చదువునది మన ముఖములనే. బంగారు ఉంగరము పెట్టుకొన్నవానికి నవ్వును, మాసిన బట్టలవానికి కనుసైగయు ఇచ్చిన యెడల, యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో ఖండించిన పక్షపాతము మనయందే యున్నది.

2. పెడమొగము

లాబాను యాకోబుకు మేనమామ, పిల్లలనిచ్చిన మామ. ఇరువది సంవత్సరములు యాకోబు అతని మందలను కాచెను. అంత బంధుత్వము చెడిన దినమున లాబాను నోటితో ఏమన్నట్టు వ్రాయబడలేదు గాని, అతని ముఖము మునుపటివలె లేదని యాకోబు కనిపెట్టెను (ఆదికాండము 31:2, 5). మాటలేకుండనే ముఖము తలుపు మూయగలదు.

మన సంఘములలో ఇట్టివి లేవా? పొలము గట్టు తగాదా, పెండ్లికి పిలుపు అందలేదన్న కోపము, కానుకల లెక్కలలో అనుమానము. ఒకే కీర్తనల పుస్తకము తెరచి పాడుదుము. ఒకే ప్రభువు బల్లయొద్దకు వత్తుము. అయితే ఆ బల్లయొద్దనుండి లేచునప్పుడు ఒకరి ముఖము ఒకరు చూడము. కొన్ని ఏండ్లు గడచిన తరువాత పిల్లలకు తగాదా కారణమైన తెలియదు, పెడమొగము మాత్రము ఆస్తివలె వారికి వచ్చును.

ఆరాధన చివర కాపరి పలుకు ఆశీర్వచనమును తలంచుడి. అహరోనుకు దేవుడు నేర్పిన ఆ దీవెనలో ధాన్యము, ధనము పేర్కొనబడలేదు. దేవుని ముఖము మనమీద ప్రకాశించవలెనని, ఆయన మనవైపు చూడవలెనని అందులో రెండుమారులు ఆయన ముఖమును గూర్చియే యున్నది. మనలను చూచి ముఖము త్రిప్పుకొనుటకు ఆయనకు కారణములు లేక కాదు. అయినను క్రీస్తునందు ఆయన మనవైపు చూచెను. ఆ కాంతిని తలవంచి పొంది, గుమ్మము దాటకముందే సహోదరునికి వీపు చూపుట తగునా?

3. పూతనవ్వు వలదు

అయితే మనస్సు మారకుండ ముఖము మార్చుకొనుటను ప్రభువు కోరలేదు. ఫ్రాన్సు దేశపు వైద్యుడు డ్యూషెన్ 1862లో ముఖపు కండరములనుగూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. పెదవుల కొనలను మనము కోరినప్పుడు లేపగలము గాని, కన్నుల చుట్టునున్న కండరము నిజమైన సంతోషమునకే కదలునని ఆయన గమనించెను. హృదయములో సంతోషముంటేనే ముఖము తేటగా నుండునని జ్ఞాని ఎంతో ముందే చెప్పెను (సామెతలు 15:13).

కాబట్టి రెండు జాగ్రత్తలు అవసరము. దుఃఖమందున్నవారిని నవ్వుమని బలవంతపెట్టరాదు. లాజరు సమాధికి వెళ్లుచు ప్రభువే కన్నీరు విడిచెను. నవ్వలేని తల్లికి విశ్వాసము లేదనువాడు ఆమె గాయమునకు కారము పూసినవాడగును. రెండవది, అన్యాయము పొందినవానిని ముందుగా నవ్వుమని అడుగరాదు. ఏశావు ముఖము చూచి దేవుని ముఖము చూచినట్లున్నదని యాకోబు అనెను (ఆదికాండము 33:10). అంతకుముందు మోసగించిన యాకోబే కానుకలు పంపెను, ఏడుమారులు నేలకు వంగెను. గట్టు జరిపినవాడు గట్టును సరిచేసి రావలెను. అప్పుడు నవ్వు దానంతట అదే వచ్చును.

4. మనము చేయదగినది

యోసేపు నిరపరాధియై చెరసాలలో నుండెను. నవ్వుటకు అతనికేమియు కారణము లేదు. అయినను ఒక ఉదయమున తోటి ఖైదీల ముఖములు చిన్నబోయి యుండుట చూచి, ఎందుకని అడిగెను (ఆదికాండము 40:6, 7). తన బాధలో మునిగిపోక ఎదుటివాని ముఖమును చూచిన ఆ చూపే, రెండేండ్ల తరువాత అతని విడుదలకు మార్గమాయెను. నవ్వు రాని దినమున మనమును ఈ మాత్రము చేయగలము: తల ఎత్తి చూడగలము, పేరు పెట్టి పిలువగలము, ఎట్లున్నావని అడుగగలము.

ఆలోచించుటకు:
మన గుడిలో ఎవరి ముఖమును మనము చూచుట మానితిమి?
వారియొద్దకు వెళ్లుటకు ముందు మనము సరిచేయవలసినది ఏది?
మన యింటిలో కోడలు, కూలివాడు, ముసలితల్లి మన ముఖములో ఏమి చదువుచున్నారు?

ప్రార్థన: ప్రభువా, నీ ముఖకాంతిని మామీద ఉదయింపజేయుము. మేము త్రిప్పుకొన్న ముఖములను మరల మా సహోదరులవైపు త్రిప్పుము. ఆమేన్.