చిల్లర చిక్కును, ప్రయాణపు కార్డును

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములనుండి దుబాయికి పనికి వెళ్లి, సెలవుపై ఇంటికి వచ్చినవారి జేబులలో దిర్హముల నోట్లతోపాటు ఒక చిన్న కార్డు కూడ కనిపించును. దానిపేరు ‘నోల్’. అరబ్బీలో ఆ మాటకు ప్రయాణపు ఛార్జి అని అర్థము. 2009 సెప్టెంబరు 9న దుబాయి మెట్రో ప్రారంభమైనప్పుడు ఈ కార్డు వాడుకలోనికి వచ్చినది. అక్కడి సిటీ బస్సులలో నగదు తీసికొనరు. ఎక్కునప్పుడొకసారి, దిగునప్పుడొకసారి కార్డును యంత్రమునకు తాకించవలెను. ఈ పద్ధతి మన పల్లెవెలుగు బస్సునకు ఎంతవరకు సరిపడునో ఇచట పరిశీలింపదలచితిమి.

కార్డులో బ్యాటరీ ఉండదు. ప్లాస్టిక్ పొరల నడుమ సన్నని తీగచుట్టయు, దానికి కలిపిన చిప్పును మాత్రమే ఉండును. యంత్రము కల్పించు అయస్కాంత క్షేత్రములోనికి తీగచుట్ట రాగానే దానిలో విద్యుత్తు ప్రేరితమగును. మన భౌతికశాస్త్ర విద్యార్థులు పరీక్షకొరకు వల్లెవేయు ఫారడే సూత్రమే ఇది. ఆ కొద్దిపాటి విద్యుత్తుతో చిప్పు పనిచేసి, తనలోని నిల్వను తెలిపి, ఛార్జీని తగ్గించుకొనును. ఇదంతయు ఒక్క సెకనులోపే ముగియును. నిల్వ లెక్క కార్డులోనే ఉన్నచో ఆ క్షణమున బ్యాంకుతో సంబంధము అక్కరలేదు. ఫోనుద్వారా చెల్లించువానికి దారిలో సిగ్నలు పోయినచో చిక్కు. కార్డుకు ఆ చిక్కు లేదు.

హాంకాంగులో 1997లోనే ‘ఆక్టోపస్’ కార్డు వచ్చినది. లండనులో 2003లో ‘ఆయిస్టర్’ వచ్చినది. 2017 నవంబరులో ప్రారంభమైన హైదరాబాదు మెట్రోలోను కార్డు కలదు. దేశమంతట ఒకే కార్డు చెల్లవలెనను ఉద్దేశముతో 2019 మార్చి 4న జాతీయ ఉమ్మడి ప్రయాణ కార్డును ఆవిష్కరించిరి.

అయితే మెట్రో స్టేషనుకు గేట్లున్నవి. కార్డు తాకించనిదే అవి తెరచుకొనవు. జగిత్యాలలో ఎక్కి కోరుట్లలో దిగు బస్సుకు గేటు ఏది? మన బస్సులలో ఛార్జీ స్టేజీలనుబట్టి మారును. ఎక్కునప్పుడే చివరి స్టేజీవరకు ఛార్జీ తీసికొని, దిగునప్పుడు మిగులును తిరిగి జమచేయవచ్చును గాని, పండుగనాటి రద్దీలో మూటలతో, పిల్లలతో దిగు ప్రయాణికుడు కార్డు తాకించుట మరచినచో నష్టము అతనిదే. కావున యంత్రము తలుపువద్ద గాక కండక్టరు చేతిలో ఉండుటయే మన దారులకు తగినదని మా అభిప్రాయము. కండక్టరు స్టేజీ నొక్కును, ప్రయాణికుడు కార్డు తాకించును. అంతటితో సరి.

ఇందువలన చిల్లర చిక్కు తీరును. మన వాడుకలో దీనినే ఖుర్దా అందురు. ఇవ్వవలసిన మిగులును కండక్టరు టికెట్టు వెనుక వ్రాసియిచ్చుట అందరము ఎరిగినదే. ఒకమారు మేము అట్టి టికెట్టును పుస్తకములో భద్రముగా దాచుకొని, చిల్లర అడుగుట మరచి దిగిపోతిమి. ఆ పుస్తకమును తెరచినప్పుడెల్ల ఆ అంకె మమ్ము వెక్కిరించుచుండును!

ఇక రెండవ వైపు చూడవలెను. కార్డులోనిది ముందుగా చెల్లించిన సొమ్ము. నోల్ వెండి కార్డును 25 దిర్హములకు అమ్మినప్పుడు ప్రయాణమునకు దక్కినది 19 మాత్రమే. తక్కిన 6 కార్డు వెల. పేరు నమోదు కాని కార్డు పోయినచో అందులోని నిల్వయు పోయినట్లే. కోరుట్లలో బీడీలు చుట్టు తల్లికి, సిరిసిల్లలో మరమగ్గము నడుపు తండ్రికి రేపటి ఛార్జీని నేడే ఒకచోట కట్టిపెట్టుట తేలిక కాదు. లండను బస్సులలో 2014 జూలై 6 నుండి నగదు తీసికొనుట మానిరి. కాని నిల్వ చాలనివాడు రాత్రివేళ దారిలో చిక్కుపడకుండ, ఆయిస్టరుపై మరియొక ప్రయాణమును అనుమతించి, ఆ లోటును తరువాత నింపిన సొమ్మునుండి మినహాయించిరి. యంత్రముకంటె ఈ ఏర్పాటే మాకు గొప్పగా తోచినది. మన జిల్లాలకు కార్డు వచ్చినచో ఇది తప్పక ఉండవలెను; నగదు ఇచ్చువారిని దింపివేయరాదు.

నిజమునకు నగదు లేని ప్రయాణము మనకు క్రొత్త కాదు. విద్యార్థి బస్‌పాసు ముందుగా సొమ్ము కట్టిన కార్డే గదా! 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకము ప్రారంభమైనప్పటినుండి మన సోదరీమణులు గుర్తింపు కార్డు చూపి సున్నా టికెట్టు పొందుచున్నారు. ఛార్జీ లేనప్పుడు టికెట్టు ఏల అని కొందరు అడిగిరి. ప్రభుత్వము సంస్థకు చెల్లించవలసిన లెక్కకు ఆ టికెట్టే ఆధారము. ఛార్జీ లేకపోలేదు, చెల్లించువారు మారిరి.

మగపిల్లలకు మాత్రము పాసే ఆధారము. దానికి కళాశాల ధ్రువీకరణ కావలెను. ఆ సంతకములకొరకు విద్యాసంవత్సరారంభమున ఒక దినమును ముందుగానే నిర్ణయించి నోటీసుబోర్డుపై ప్రకటింపవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుచున్నాము. సంతకము ఒక్క దినము ఆలస్యమైనను, కోరుట్లనుండి వచ్చు విద్యార్థి ఆనాటి రానుపోను ఛార్జీలను నగదుగానే చెల్లించుకొనవలెను.