పడవ దగ్గరే సాల్మన్ కొనేవారికి చిట్కాలు

స్టోరులో ప్లాస్టిక్ చుట్టిన సాల్మన్ ముక్క కొనడానికి ఎవరి సలహా అక్కర్లేదు. తలా తోకా ఉన్న నిండు చేపను, పట్టినవాళ్ల చేతి నుంచే కొనాలంటే మాత్రం కాస్త తెలిసుండాలి. సియాటిల్‌లో బేలర్డ్ వంతెన పక్కన ఉన్న ఫిషర్మెన్స్ టెర్మినల్ 1914 నుంచి చేపల పడవల రేవు. సీజన్‌లో కొన్ని పడవలవాళ్లు అక్కడే నేరుగా అమ్ముతారు. వాషింగ్టన్ తీరంలో వెస్ట్‌పోర్ట్, ఒరెగాన్‌లో న్యూపోర్ట్, కెనడాలో వాంకూవర్ పక్కనున్న స్టీవ్‌స్టన్ కూడా ఇలాంటి రేవులే. ఫిల్లెట్ తీసి మిగతాది పారేసేవాళ్లకంటే, తలకాయ పులుసు పెట్టుకునే మనకే ఈ కొనుగోలు ఎక్కువ గిట్టుబాటు.

1. బయల్దేరే ముందు సీజన్ ఉందో లేదో చూసుకోండి. తీరంలో ఎప్పుడు, ఎక్కడ, ఎన్ని పట్టొచ్చో ఏటా ఏప్రిల్‌లో పసిఫిక్ మత్స్య మండలి తేలుస్తుంది. నిరుడు దొరికింది కదా అని వెళ్తే ఈ ఏడు రేవు ఖాళీగా ఉండొచ్చు. కాలిఫోర్నియాలో సముద్రపు సాల్మన్ వాణిజ్య వేట 2023 నుంచి 2025 దాకా వరుసగా మూడేళ్లు మూతపడింది. బే ఏరియా నుంచి హాఫ్‌మూన్ బే రేవుకు వెళ్లేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. మొత్తమ్మీద సాల్మన్ రకాల్లో ఎండాకాలం కింగ్‌కూ సాకైకీ, ఆగస్టు తర్వాత కోహోకూ, అక్టోబరు, నవంబరు చమ్‌కూ అదను. పింక్ మాత్రం సియాటిల్, ఫ్రేజర్ నది వైపు బేసి సంవత్సరాల్లోనే గుంపులుగా వస్తుంది.

2. ఏ వంటకో అనుకుని వెళ్లండి. కింగ్ (చినూక్ అన్నా ఇదే) పెద్దది, కొవ్వు ఎక్కువ, ధర కూడా ఎక్కువే. నిప్పుల మీద కాల్చడానికీ, పెనం మీద వేపుడుకూ దీన్ని మించింది లేదు. సాకై ఐదారు పౌన్లుంటుంది, ఎర్రటి గట్టి కండ. నా ఓటు పులుసుకు దీనికే, ఎందుకంటే ముక్క చెదరదు. కోహో మధ్యరకం, ఇంట్లో చేప వాసన పడనివాళ్లకు నచ్చుతుంది. పింక్ చవక, కండ మెత్తన, కొన్నరోజే వండేయాలి. చమ్‌లో కొవ్వు తక్కువ, గుడ్లు మాత్రం పెద్దవి. జపాన్‌వాళ్లు ఇకురా (ఉప్పులో ఊరేసిన చేపగుడ్లు) చేసుకునేది ఎక్కువగా ఈ గుడ్లతోనే. జన వేపుడు ఇష్టమైతే ముందే చెప్పి ఉంచమనండి, లేదంటే పేగులతోపాటు సముద్రంలోకే పోతుంది.

ఒక మాట: కొన్ని కింగ్ చేపల కండ పుట్టుకతోనే తెల్లగా ఉంటుంది. తిన్న రొయ్యపిల్లల ఎర్రరంగును కండలో నిలుపుకునే గుణం వాటికి లేదు, అంతే. చెడిపోయిందని వదిలేయకండి.

3. పులస లెక్క ఇక్కడ వేయకండి. గోదావరి జిల్లాలవాళ్లం సముద్రంలో దొరికిన విలసను పట్టించుకోం, అదే చేప ఏటికి ఎదురీదాక పులసై కూర్చుంటే వేలు పోస్తాం. సాల్మన్ కూడా గుడ్లు పెట్టడానికి సముద్రం నుంచి నదికి ఎదురీదేదే. కానీ దీని రుచి సముద్రంలోనే ఉంది. నదిలో అడుగుపెట్టాక మేత మానేసి, ఒంట్లో కొవ్వు కరిగించుకుంటూ ఈదుతుంది. వెండిలా మెరిసే చర్మం మసకబారి, ఎరుపో ఆకుపచ్చో తిరుగుతుంది, మగచేప దవడ కొక్కెంలా వంగుతుంది, కండ పాలిపోయి మెత్తబడుతుంది. అందుకే వెండి మెరుపున్న చేపనే ఏరుకోండి. ఎర్రగా ఉన్నదే నాణ్యమైనదనుకోవడం చర్మం విషయంలో చెల్లదు. ఇందులో ఒక తిరకాసుంది. కొలంబియా, కాపర్ లాంటి నదులెక్కే చేపలు దూరప్రయాణం కోసం ముందే కొవ్వు బాగా పట్టిస్తాయి. నది మొదట్లోనే పట్టినవైతే అవి అద్భుతంగా ఉంటాయి.

4. మొప్ప ఎత్తి చూసే మన అలవాటు మంచిదే, కానీ ఇక్కడ అది ఒక్కటే చాలదు. మంచి పడవవాళ్లు చేప పైకి రాగానే మొప్ప దగ్గర కోసి రక్తం కార్చేస్తారు. అలాంటి చేపకు మొప్ప పాలిపోయే ఉంటుంది, చేప మాత్రం శ్రేష్ఠం. వేసవి సెలవులకు వచ్చిన అమ్మానాన్నలను రేవుకు తీసుకెళ్తే మొదటి పేచీ ఇక్కడే. కళ్లు ఉబ్బి తేటగా ఉన్నాయా, వేలితో నొక్కితే కండ తిరిగి లేస్తుందా, పొలుసు రాలకుండా ఉందా, సముద్రపు గాలి వాసన తప్ప ఇంకేం లేదా చూడండి.

5. అసలు పరీక్ష పొట్ట లోపల. శుభ్రం చేసిన చేప పొట్ట తెరిచి చూపించమనండి, ఎవరూ ఏమీ అనుకోరు. పక్కటెముకల ముళ్లు కండకు అంటుకునే ఉండాలి. కండ నుంచి విడివడి సూదుల్లా పైకి లేచాయంటే పేగులు ఆలస్యంగా తీశారనో, ఐసు సరిగా పెట్టలేదనో అర్థం. వెన్నుముల్లు వెంట నల్లటి రక్తపు చార కనిపిస్తే అదీ సరిగా శుభ్రం చేయని చేపే.

6. గాలమా, వలా అని అడగండి. ట్రోలర్ పడవలు గాలాలతో ఒక్కొక్క చేపనే పట్టి, అప్పటికప్పుడు రక్తం తీసి ఐసులో పెడతాయి. గిల్‌నెట్‌లో చేప మొప్పల దగ్గర ఇరుక్కుంటుంది, మెడ చుట్టూ తాడు గుర్తు పడుతుంది. వల చేప చెడ్డదని కాదు, ఎంతసేపు వలలో ఉందన్నదే లెక్క.

7. గడ్డకట్టిందని మొహం తిప్పుకోకండి. పడవ మీదే, పట్టిన కొద్ది గంటల్లో గడ్డకట్టించిన చేప, వారం రోజులు ఐసులో నలిగి వచ్చిన ‘తాజా’ చేపకంటే చాలాసార్లు మేలు. దాన్ని ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచి నిదానంగా కరగనివ్వాలి. వేడినీళ్లలో వేస్తే నీరు కక్కి పీచుగా అవుతుంది.

8. తోక పట్టుకుని వేలాడదీసి ఫొటో దిగొద్దు. బరువంతా వెన్ను మీద పడి కీళ్లు విడిపోతాయి, లోపలి కండ చిట్లుతుంది. రెండు చేతులా కింద నుంచి పట్టండి. చేప కర్రలా బిగుసుకుని ఉంటే అది తాజాదనానికి గుర్తే, కానీ ఆ బిగువులో వంచినా కోసినా ముక్కలు పొరలు విడిపోతాయి. బిగువు సడలేదాకా ఐసులో ఉంచి అప్పుడు కోయండి.

9. కూలర్, ఐసు మీరే తీసుకెళ్లండి. పొట్టలో ఐసు నింపి, కింద పైన ఐసు పరిచి, కరిగిన నీళ్లు పోయేలా కూలర్ బిరడా తీసి ఉంచాలి. ముక్కలు కొట్టించి తెస్తుంటే సంచిలో కట్టి పెట్టండి, మంచి నీళ్లలో నానితే రుచి పోతుంది.

10. ఎవరి దగ్గర కొంటున్నారో చూసుకోండి. వాణిజ్య లైసెన్సుతో పట్టిన చేపనే అమ్మాలి. సరదాగా గాలం వేసి పట్టిన చేప అమ్మడం చట్టవిరుద్ధం, తెలిసినవాళ్లు ఎంత చవకగా ఇస్తామన్నా వద్దనండి. పోర్ట్‌లండ్ వాళ్లకు ఇంకో మంచి దారి ఉంది. కొలంబియా నది వెంట కాస్కేడ్ లాక్స్ దగ్గర యాకమా, వార్మ్ స్ప్రింగ్స్, యుమటిల్లా, నెజ్ పెర్స్ తెగలవాళ్లు పట్టిన చేపను ఒడ్డునే అమ్ముతారు. 1855 ఒప్పందాల్లో వాళ్లు నిలుపుకున్న హక్కు అది. నగదు పట్టుకెళ్లండి, రశీదు అడిగి తీసుకోండి.

11. ధర పోల్చేటప్పుడు దేని ధరో చూడండి. తలతో ఉన్న నిండు చేపలో సుమారు మూడోవంతు తల, ముల్లు, రెక్కలకే పోతుంది. కాబట్టి పౌను ధర ఫిల్లెట్‌తో సమానంగా చెబితే అది చవక కాదు. మనం తలను పారేయం కాబట్టి లెక్క కొంచెం మన వైపు మొగ్గుతుంది. ఫిల్లెట్ తీయించినా తల, వెన్నుముల్లు మాకే ఇవ్వమని ముందే చెప్పండి. తలలో మొప్పలు తీసేయాలి, లేకుంటే పులుసు చేదెక్కుతుంది.

12. పులుసులో సాల్మన్‌ను బొచ్చె చేపలా ఉడికించకండి. చింతపండు రసం, ఉల్లి, మెంతిపొడి అన్నీ మరిగి నూనె తేలాకే ముక్కలు వేయాలి. ఐదారు నిమిషాలు చాలు, గరిటె పెట్టకుండా గిన్నె తిప్పండి. కింగ్ వేపుడుకు నూనె సగానికి తగ్గించండి, చేపే వదులుతుంది.

13. పచ్చిగా తినే సరదా ఉంటే తాజాదనం రక్ష కాదు. అడవి సాల్మన్‌లో నులిపురుగులు ఉండొచ్చు. మైనస్ 20 డిగ్రీల సెల్సియస్‌లో ఏడు రోజులుంచాలని అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెబుతుంది. ఇంటి ఫ్రీజర్లు మామూలుగా మైనస్ 18 దగ్గరే ఆగుతాయి. ఇంట్లో కుక్క ఉంటే పచ్చి తల, పేగులు దాని నోటికి అందనివ్వకండి. ఈ ప్రాంతపు పచ్చి సాల్మన్‌తో కుక్కలకు ప్రాణాంతకమైన జబ్బు వస్తుంది. పొరపాటున తింటే లక్షణాల కోసం చూడకుండా పశువైద్యుడికి ఫోన్ చేయండి.